ఓట్లేసి ఎన్నుకున్న కమిషనర్ వల్ల దొంగతనాలు తగ్గుతాయా? ఇంగ్లండ్ పద్ధతి గురించి

ప్రశ్న అడిగినవారు మిల్టన్ కీన్స్‌లో ఉంటున్నారు. వాళ్ల వీధిలో మూడిళ్లలో బంగారం పోయింది. పోలీసులు ఒక క్రైమ్ నంబరు ఇచ్చి, కొన్నాళ్లకు "ఆధారాలు దొరకలేదు" అంటూ కేసు మూసేశారు. ఆయన సందేహాలు నాలుగు: ఇక్కడ పోలీసుల మీద అజమాయిషీకి మనమే కమిషనర్‌ని ఎన్నుకుంటాం కదా, ఆయన చెబితే కేసు మళ్లీ తెరుస్తారా? ఈ పద్ధతి వచ్చాక నేరాలు తగ్గాయా? దీన్ని రద్దు చేస్తున్నారంటున్నారు, నిజమేనా? హైదరాబాద్‌లోనూ ఇలా పెడితే బాగుంటుందా?

సూటిగా చెప్పేస్తాను. కేసు తెరవమని కమిషనర్ ఆదేశించలేడు, చట్టం ఒప్పుకోదు. ఈ పదవి వల్లే నేరాలు తగ్గాయని చూపగల ఆధారం లేదు. రద్దు మాట నిజం, 2028 మేతో ఆఖరు. అలాగని పనికిమాలిన పదవి అనుకోకండి. పోలీసు బడ్జెట్, చీఫ్ కానిస్టేబుల్ కుర్చీ, బాధితుల సేవలకిచ్చే డబ్బు ఆయన చేతిలోనే ఉన్నాయి. వాటి గురించి అడిగితే పని జరుగుతుంది, నా కేసు చూడండి అంటే జరగదు.

ముందు పేర్ల గందరగోళం తీర్చుకుందాం. మన దగ్గర పోలీస్ కమిషనర్ అంటే ఐపీఎస్ అధికారి. ఇంగ్లండ్, వేల్స్‌లో 'పోలీస్ అండ్ క్రైమ్ కమిషనర్' అంటే యూనిఫాం లేని రాజకీయ నాయకుడు. అరెస్టు చేసే అధికారం ఉండదు, సర్వీసులో ఉన్న పోలీసులు ఆ పదవికి పోటీ చేయకూడదు కూడా. దళాన్ని నడిపేది చీఫ్ కానిస్టేబుల్. పేరులో కానిస్టేబుల్ ఉందని చిన్న ఉద్యోగం అనుకోకండి, దళం మొత్తానికి అధిపతి ఆయనే. ఇక్కడివాళ్లు కమిషనర్‌ని పీసీసీ అంటారు. తెలుగువాళ్లకు పీసీసీ అంటే కాంగ్రెస్ పార్టీ కమిటీ, వీసా పనుల మీద ఉన్నవాళ్లకు పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్. అందుకని నేను కమిషనర్ అనే రాస్తాను.

2012 దాకా ప్రతి దళం మీద పోలీస్ అథారిటీ అని ఒక సంఘం ఉండేది. చాలాచోట్ల 17 మంది సభ్యులు, వారిలో 9 మంది కౌన్సిలర్లు, 8 మంది బయటివాళ్లు. వాళ్లెవరో జనానికి తెలియదు, బాధ్యత ఎవరిదో తేలదు అన్న వాదనతో 2011లో చట్టం తెచ్చి, 17 మంది చోట ఒక్కరిని పెట్టారు. తొలి ఎన్నికలు 2012 నవంబరు 15న 41 ప్రాంతాల్లో జరిగాయి. లండన్‌లో ఈ పని మేయర్‌ది. తర్వాత గ్రేటర్ మాంచెస్టర్, వెస్ట్ యార్క్‌షైర్, సౌత్ యార్క్‌షైర్, నార్త్ యార్క్‌షైర్‌లోనూ మేయర్లకే అప్పగించారు. అందుకే 2024 మేలో కమిషనర్ ఎన్నికలు 37 చోట్లే జరిగాయి.

డబ్బు. కమిషనర్‌కున్న అసలు బలం ఇదే. మీ కౌన్సిల్ ట్యాక్స్ (ఇంటి మీద వేసే స్థానిక పన్ను) బిల్లులో పోలీసులకని విడిగా ఒక పద్దు ఉంటుంది, దాన్ని ప్రిసెప్ట్ అంటారు. దళానికి రావలసిన మిగతా సొమ్ములో ఎక్కువ భాగం హోం ఆఫీస్ (హోం మంత్రిత్వ శాఖ) గ్రాంటు. ఈ పాళ్లు అన్నిచోట్లా ఒకటి కావు. సర్రేలో బడ్జెట్‌లో సగానికి పైగా స్థానిక పన్ను నుంచే వస్తుంది, నార్తంబ్రియాలో ఐదో వంతు దరిదాపుల్లోనే ఉంటుంది. కాబట్టి ప్రిసెప్ట్ ఒక శాతం పెంచితే సర్రేకి వచ్చేది ఎక్కువ, నార్తంబ్రియాకి వచ్చేది తక్కువ. పేద ప్రాంతపు కమిషనర్ ఎంత చురుకైనవాడైనా చేతిలో మిగిలేది స్వల్పం. పక్క జిల్లాలో పోలీసులు ఎక్కువ కనిపిస్తున్నారు, మన దగ్గర ఎందుకు లేరు అనడిగేవాళ్లు ముందు ఈ పాళ్లు చూడాలి.

పెంపు మీద పై నుంచి పరిమితి ఉంటుంది. బ్యాండ్ డి ఇంటికి (పన్ను కోసం విలువను బట్టి ఇళ్లకు పెట్టిన తరగతుల్లో మధ్యస్థమైనది) 2024-25లో 13 పౌండ్లు, 2025-26లో 14 పౌండ్లు. అంతకు మించి పెంచాలంటే ప్రజాభిప్రాయ సేకరణ పెట్టాలి. బెడ్‌ఫర్డ్‌షైర్ కమిషనర్ 2015 మే 7న, సాధారణ ఎన్నికల రోజునే ఆ సాహసం చేశారు. 15.8 శాతం పెంచుతాను, ఆ డబ్బుతో అదనంగా పోలీసులను పెడతాను అన్నారు. దాదాపు 70 శాతం మంది వద్దన్నారు. పోలీసులు కావాలా అంటే అందరూ కావాలనే అంటారు, బిల్లు చూపించాక లెక్క మారిపోతుంది.

ప్రిసెప్ట్‌కి ఒక క్యాలెండర్ ఉంది. అది తెలియకే చాలామంది మార్చిలో బిల్లు వచ్చాక ఉత్తరాలు రాస్తారు, అప్పటికి అంతా అయిపోయి ఉంటుంది. ఫిబ్రవరి 1 లోపు కమిషనర్ తన ప్రతిపాదనను పోలీస్ అండ్ క్రైమ్ ప్యానెల్‌కి పంపాలి. ప్యానెల్ 8 లోపు పరిశీలించాలి. కాదంటే 15 లోపు సవరించిన అంకె రావాలి, 22 లోపు మళ్లీ పరిశీలన, మార్చి 1 లోపు ఖరారు. పన్ను కట్టేవాళ్ల అభిప్రాయం అడగడం కమిషనర్ బాధ్యత. ఆ సర్వే మామూలుగా డిసెంబరు, జనవరి నెలల్లో వస్తుంది. మీరు రాయాల్సింది అప్పుడు.

ప్యానెల్ అంటే ఆ ప్రాంతంలోని కౌన్సిళ్లు పంపే కౌన్సిలర్లు కనీసం పదిమంది, ఇద్దరు స్వతంత్ర సభ్యులు. కమిషనర్‌కి కళ్లెం వాళ్లేనని చట్టం ఉద్దేశం. కళ్లెం బాగా వదులు. మూడింట రెండొంతుల మంది కలిస్తే ప్రిసెప్ట్‌ని ఒక్కసారి తిప్పికొట్టగలరు. మరీ ఎక్కువని కొడితే కమిషనర్ కాస్త తగ్గించి తెస్తారు, రెండోసారి ఆపే అధికారం వాళ్లకు లేదు. చీఫ్ కానిస్టేబుల్ నియామకమూ అంతే: మొదటి పేరును అడ్డుకోవచ్చు, రెండో పేరు మీద సలహా మాత్రమే.

చీఫ్ కానిస్టేబుల్. నియమించేది కమిషనరే. సస్పెండ్ చేయడం, రాజీనామా చేయమనడం కూడా ఆయన చేతిలోనే ఉన్నాయి. పొమ్మనాలంటే కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలి, పోలీసు దళాల ప్రధాన ఇన్‌స్పెక్టర్ అభిప్రాయం తీసుకోవాలి, ప్యానెల్ ఆరు వారాల్లోపు విచారణ పెట్టి తన మాట చెప్పాలి. ఆ మాట వినాల్సిన పని కమిషనర్‌కి లేదు గానీ, కోర్టు ఊరుకోదు. లింకన్‌షైర్‌లో 2013లో చీఫ్‌ని సస్పెండ్ చేస్తే హైకోర్టు కొట్టేసింది. సౌత్ యార్క్‌షైర్‌లో హిల్స్‌బరో ఫుట్‌బాల్ మైదానంలో జరిగిన తొక్కిసలాట మరణాల మీద తీర్పు వచ్చిన మర్నాడే, 2016 ఏప్రిల్లో, చీఫ్‌ని పక్కన పెట్టారు. 2017లో హైకోర్టు అదీ చట్టవిరుద్ధమంది. జనం కోపంగా ఉన్నారన్నది ఒక్కటే కారణం కారాదు.

మీ మొదటి సందేహానికి జవాబు కూడా ఇక్కడే ఉంది. ఎవరిని అరెస్టు చేయాలి, ఏ కేసు ఎంతదాకా తవ్వాలి, ఏ వీధికి ఎవరిని పంపాలి అనేవి చీఫ్ నిర్ణయాలు. దీన్ని కార్యనిర్వహణ స్వాతంత్ర్యం అంటారు. ఓట్లు అడిగేవాడు కేసుల్లో వేలు పెడితే తన పార్టీవాడి కేసు మూయించి ఎదుటి పార్టీవాడిది తెరిపిస్తాడన్న భయంతో కట్టిన గోడ ఇది. ఈ గోడ ఎంత దూరం ఉంటుందో ఒక ఉదాహరణ చూడండి. ఇంటి దొంగతనం ఫిర్యాదు వస్తే ప్రతి ఇంటికీ పోలీసు వెళ్లాలని 2022 అక్టోబరులో ఇంగ్లండ్, వేల్స్ దళాలన్నీ ఒప్పుకున్నాయి. చీఫ్‌లు తమలో తాము తీసుకున్న నిర్ణయం అది. కమిషనర్లు ఒత్తిడి తేగలరు, ఆ మాట నిలబెట్టుకుంటున్నారా అని నెలనెలా అడగగలరు. అంతవరకే.

ఇక అసలు ప్రశ్న: నేరాలు తగ్గాయా? ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే రెండు రకాల అంకెలు రెండు కథలు చెబుతాయి.

ఒకటి, ఇళ్లకు వెళ్లి "గత ఏడాదిలో మీకు ఏం జరిగింది" అని అడిగే నేరాల సర్వే. దాని ప్రకారం దొంగతనాలు, దెబ్బలాటల వంటి నేరాలు 1995 ప్రాంతంలో శిఖరానికి వెళ్లి అప్పటి నుంచీ తగ్గుతూ వస్తున్నాయి. అంటే ఈ పదవి పుట్టడానికి పదిహేనేళ్లకు పైగా ముందే దిగడం మొదలైంది. కార్లకు మంచి తాళాలు, ఇళ్లకు గట్టి తలుపులు వంటివి ఇందులో చాలా పని చేశాయి. 2012 తర్వాత కూడా తగ్గింది కాబట్టి ఘనత కమిషనర్లదే అంటే, పొద్దు పొడిచింది మా కోడి కూతకే అన్నట్టు ఉంటుంది.

రెండోది, పోలీసుల రికార్డు. దీనిలో చిక్కేమిటంటే రాసేదీ పోలీసులే, మార్కులు వేయించుకునేదీ పోలీసులే. 2014 జనవరిలో గణాంకాల మీద నిఘా పెట్టే యూకే స్టాటిస్టిక్స్ అథారిటీ ఈ రికార్డులకు ఉన్న నమ్మకపు ముద్రను తీసేసింది. అదే ఏడాది నవంబరులో పోలీసు దళాల తనిఖీ సంస్థ చెప్పిన లెక్క: పోలీసులకు చేరిన నేరాల్లో 19 శాతం రికార్డులోకే ఎక్కలేదు, ఏటా 8 లక్షలకు పైగా. హింసాత్మక నేరాల్లో అది 33 శాతం. ఆ దెబ్బతో దళాలు సక్రమంగా రాయడం మొదలుపెట్టాయి, దాంతో అంకెలు పెరిగాయి. బాగా పనిచేసిన చోట నేరం పెరిగినట్టు, కప్పిపుచ్చిన చోట తగ్గినట్టు కనబడుతుందన్నమాట. అందుకే "నేరాలు 20 శాతం తగ్గిస్తా" అనే అభ్యర్థి కనిపిస్తే నేను జంకుతాను. ఆ మాట కింది స్టేషన్‌కి చేరేసరికి "రాయొద్దు" అని వినిపిస్తుంది. మన ఊళ్లో ఎఫ్ఐఆర్ రాయించుకోవడానికి తిరిగినవాళ్లకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు.

పైగా అవే ఏళ్లలో ఇంకో పెద్ద మార్పు జరిగింది. 2010లో ఇంగ్లండ్, వేల్స్‌లో దాదాపు 1,44,000 మంది పోలీసులు ఉండేవారు. కోతల వల్ల 2017 నాటికి 1,23,000 దగ్గరికి పడిపోయారు. 2019 నుంచి 2023 వరకు 20,000 మందిని మళ్లీ చేర్చుకున్నారు. తగ్గించిందీ పెంచిందీ లండన్‌లోని ప్రభుత్వమే. ఇన్ని కలగలిసిన చోట కమిషనర్ వాటా ఇదీ అని వేరుచేసి తూచలేం.

మరి వాళ్ల చేతిలో నిజంగా పనికొచ్చినవి ఏవంటే చిన్నచిన్నవి. డర్హమ్‌లో 2015లో మొదలైన చెక్‌పాయింట్: చిన్న నేరం చేసినవాడిని కోర్టుకి పంపే బదులు నాలుగు నెలల ఒప్పందం రాయించుకుని, తాగుడో మాదకద్రవ్యాలో మూలం ఏదైతే దానికి చికిత్స చేయిస్తారు. మాట తప్పితే కేసు నడుస్తుంది. 2019లో 18 ప్రాంతాల్లో హింస తగ్గింపు విభాగాలు కమిషనర్ల ద్వారానే వచ్చాయి. 2020 నుంచి వీధి దీపాలు, కెమెరాలు, ఇళ్ల వెనక సందులకు గేట్లు, తాళాల మార్పిడికి కేంద్ర నిధి వచ్చింది, దరఖాస్తు పెట్టింది కమిషనర్ ఆఫీసులే. మీ వీధి సమస్యకు దగ్గరగా ఉన్నది ఈ చివరిదే.

ఎన్నికల పరంగా మాత్రం లోపం మొదటి రోజు నుంచే ఉంది. తొలిసారి పోలింగ్ 15 శాతం. వేల్స్‌లోని న్యూపోర్ట్‌లో ఒక పోలింగ్ కేంద్రానికి ఒక్క ఓటరు కూడా రాలేదు. 2014లో వెస్ట్ మిడ్‌లాండ్స్ ఉప ఎన్నికలో 10 శాతం దాటీ దాటనంత. 2021లో మూడో వంతుకు చేరింది, అదీ మిగతా స్థానిక ఎన్నికలతో కలిపి పెట్టడం వల్లే. 2024లో మళ్లీ నాలుగో వంతు కిందికి పడింది. కారణాలు వెతకడం కష్టం కాదు. మిల్టన్ కీన్స్ ఉన్న మీ థేమ్స్ వ్యాలీ పోలీసు ప్రాంతాన్నే చూడండి: బర్క్‌షైర్, బకింగ్‌హమ్‌షైర్, ఆక్స్‌ఫర్డ్‌షైర్ కలిపి పాతిక లక్షల దాకా జనం, కమిషనర్ ఒక్కరు. మన దగ్గర రెండు లక్షల ఓటర్లకు ఒక ఎమ్మెల్యే ఉంటేనే కనబడటం లేదని గోల పెడతాం. పోటీకి 5,000 పౌండ్ల డిపాజిట్, వందమంది సంతకాలు కావాలి. అభ్యర్థుల కరపత్రాలు ప్రభుత్వ ఖర్చుతో ఇంటింటికీ పంపే సదుపాయం లేదు. అంత పెద్ద ప్రాంతంలో పార్టీ లేనివాడు ఎలా తిరుగుతాడు? 2012లో 12 మంది స్వతంత్రులు గెలిచారు, 2016లో ముగ్గురు, 2021లోనూ 2024లోనూ ఒక్కరూ లేరు. పార్టీలకు అతీతంగా అని మొదలైన పదవి పన్నెండేళ్లలో పార్టీ టికెట్ అయి కూర్చుంది.

ఇంతకంటే పెద్ద లోపం తీసేసే దారి లేకపోవడం. సౌత్ యార్క్‌షైర్‌లోని రోథరమ్ పట్టణంలో 1,400 మంది పిల్లలపై జరిగిన లైంగిక అకృత్యాల నివేదిక 2014 ఆగస్టు 26న వచ్చింది. అప్పటి సౌత్ యార్క్‌షైర్ కమిషనర్ అంతకుముందు రోథరమ్ కౌన్సిల్లో పిల్లల సేవలు చూసిన నాయకుడు. హోం మంత్రి సహా అందరూ దిగిపొమ్మన్నారు, సొంత పార్టీ కూడా పక్కన పెడతామంటే ఆయనే పార్టీ వదిలేశారు, పదవి మాత్రం దిగలేదు. దించే అధికారం ఎవరికీ లేదు. చివరికి సెప్టెంబరు 16న ఆయనంతట ఆయనే రాజీనామా చేశారు. ప్యానెల్ సస్పెండ్ చేయగలిగేది ఒకే సందర్భంలో: రెండేళ్లకు మించి జైలు పడగల నేరం మోపబడినప్పుడు. ఓటర్లు వెనక్కి పిలిచే ఏర్పాటు చట్టంలో లేదు. ఎన్నికయ్యే అర్హత మాత్రం మహా కఠినం: జైలుశిక్షకు వీలున్న ఏ నేరంలోనైనా, ఎప్పుడో శిక్ష పడి ఉన్నా, జైలుకి వెళ్లకపోయినా అనర్హుడే. 2021లో విల్ట్‌షైర్‌లో ఎక్కువ ఓట్లు వచ్చినాయన పాత డ్రైవింగ్ కేసు బయటపడి పదవి చేపట్టలేకపోయారు, మళ్లీ ఎన్నిక పెట్టారు. లోపలికి రావడానికి సూది బెజ్జం, వచ్చాక బయటికి పంపే తలుపే లేదు.

ఇప్పుడు మీ వీధి సంగతి. వరసగా ఇలా చేయండి.

కేసు మూసిన తీరు మీద అసంతృప్తి ఉంటే ముందు దళానికే ఫిర్యాదు పెట్టాలి, కమిషనర్‌కి కాదు. "దొంగ దొరకలేదు" అనేది ఫిర్యాదుగా నిలబడదు. "పక్కింటి కెమెరా దృశ్యాలు ఉన్నాయని ఫలానా తేదీన చెప్పాం, ఎవరూ తీసుకోలేదు", "వేలిముద్రల వాళ్లు రాలేదు" అనేవి నిలబడతాయి. జవాబు నచ్చకపోతే పునఃపరిశీలన కోరాలి. 2020 ఫిబ్రవరి నుంచి చాలా ఫిర్యాదుల్లో ఆ పని కమిషనర్ ఆఫీసుదే, తీవ్రమైనవి పోలీసుల మీద ఫిర్యాదులు చూసే స్వతంత్ర సంస్థకు వెళ్తాయి. మీకొచ్చిన ఉత్తరంలోనే ఎవరికి రాయాలో ఉంటుంది. గడువు 28 రోజులు, ఉత్తరం తేదీ మర్నాటి నుంచి లెక్క. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. ఫిర్యాదును సరిగ్గా పరిశీలించలేదని తేలితే వాళ్లు దళానికి సిఫారసు చేస్తారు. బాధితుల 'రివ్యూ హక్కు' అనే మరో దారి గురించి విని ఉంటారు, అది అనుమానితుడు తేలాక కూడా కేసు పెట్టకపోతేనే వర్తిస్తుంది. మీకు పనికిరాదు.

రెండోది, కమిషనర్‌కి విడిగా రాయండి, మూడిళ్ల వాళ్లూ కలిసి. మీ కేసు గురించి వద్దు. మిల్టన్ కీన్స్‌లో ఇంటి దొంగతనాల్లో ఎన్నింటికి పోలీసు స్వయంగా వచ్చారు, ఎన్నాళ్లకు వచ్చారు, ఎన్నింట్లో నిందితుడిపై కేసు నమోదైంది, మా పేటకు కేటాయించిన పోలీసులను నెలలో ఎన్ని రోజులు వేరే పనికి లాగేస్తున్నారు అని నాలుగు ప్రశ్నలు చాలు. ఆఖరి ప్రశ్న ఎప్పుడూ ఇబ్బంది పెడుతుంది. జవాబు రాకపోతే అదే ప్రశ్న మీ వార్డు కౌన్సిలర్ ద్వారా ప్యానెల్లో అడిగించండి. వీధివారీ నేరాల పటం పోలీస్ డాట్ యూకేలో ఉంటుంది. కానీ అందులో చుక్క పెట్టే చోటు గోప్యత కోసం కాస్త జరిపి ఉంటుంది, మీ ఇంటి ముందే చుక్క లేదని వాదనకు దిగకండి.

మూడోది, ఇళ్ల వెనక సందుకు గేటు, దీపం అడగండి. ఆసియా కుటుంబాల ఇళ్లలో బంగారం ఉంటుందని తెలిసి వెతుక్కుంటూ వచ్చే ముఠాల గురించి పోలీసులే తరచూ హెచ్చరిస్తారు. ఇంట్లో అందరూ పెళ్లికో గుడికో వెళ్లే రోజు కనిపెట్టి వెనక వైపు నుంచి దూరతారు. ఆ సందుకు తాళం పడితే జరిగే మేలు ఏ ఎన్నికల హామీకీ తక్కువ కాదు. నగలకు ఫొటోలు, బరువు, రసీదులు బ్యాంకులో భద్రంగా ఉంచండి. అవి లేకపోతే సొత్తు దొరికినా మీదని తేల్చడం కష్టం.

రద్దు సంగతి: 2025 నవంబరులో బ్రిటన్ ప్రభుత్వం ప్రకటించింది. ఇప్పుడున్నవాళ్ల గడువు 2028 మేలో తీరాక పదవి ఉండదు. మేయర్ ఉన్నచోట మేయర్‌కి, లేనిచోట కౌన్సిల్ నాయకులతో కూడిన బోర్డుకి పని వెళ్తుంది. ఈ పార్లమెంటు కాలంలో కనీసం 10 కోట్ల పౌండ్లు మిగులుతాయన్నది ప్రభుత్వం లెక్క. మేయర్ సంగతి వేరు, ఆయన ముఖం జనానికి తెలుసు. బోర్డు మాత్రం నాకు 2012 నాటి పాత అథారిటీకి తమ్ముడిలా కనిపిస్తోంది. బాధ్యత ఎవరిదో తేలదన్న పాత ఫిర్యాదు మళ్లీ వస్తుంది.

హైదరాబాద్ గురించి క్లుప్తంగా. ఇంగ్లండ్‌లో ఎన్నికైనవాడికీ కేసులకీ మధ్య గోడ ముందే ఉంది, దాని మీద ఎన్నిక తెచ్చిపెట్టారు. మన దగ్గర ఆ గోడ కట్టమనే 2006 సెప్టెంబరు 22న ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశాలిచ్చింది: డీజీపీకీ ఎస్పీకీ స్టేషన్ అధికారికీ కనీసం రెండేళ్ల కాలం, బదిలీలకు అధికారుల బోర్డు, రాష్ట్ర భద్రతా కమిషన్, ఫిర్యాదుల అథారిటీ. సీఐ బదిలీకి సిఫారసు లేఖలు తిరిగే చోట అవి నిజంగా అమలు కాకుండా కమిషనర్‌ని ఎన్నుకుంటే, లేఖ రాసేవాళ్ల జాబితాలో ఇంకొకరు చేరతారు. ముందు ఫిర్యాదుల అథారిటీ అడగండి, ఎన్నిక సంగతి తర్వాత.

ఇంకొక్కటి, మీరు అడగలేదు గానీ చాలామందికి తెలియదు. భారత పౌరసత్వంతోనే, స్టూడెంట్ వీసా మీదున్నా వర్క్ వీసా మీదున్నా, కామన్వెల్త్ పౌరులుగా మీకు ఇక్కడి స్థానిక ఎన్నికల్లో ఓటుంది. పోలింగ్‌కి 12 పనిదినాల ముందు వరకు నమోదు చేసుకోవచ్చు. గుర్తింపుకి భారత పాస్‌పోర్టు చెల్లుతుంది. రేపు ఆ బోర్డులో కూర్చునేది కౌన్సిల్ నాయకులే కాబట్టి, పోలీసుల మీద అజమాయిషీ ఎవరి చేతిలో ఉంటుందన్నది 2028 తర్వాత కొంతవరకు ఆ వార్డు ఓటు మీద ఆధారపడుతుంది.